లెక్కల భాగం నీది

ప్రియమైన మేస్త్రీకి,

ఎలా ఉన్నావు? మెయిలు ఇస్తే జవాబు రాదు, ఫోన్ చేస్తే మోగి మోగి ఊరుకుంటుంది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. కాగితమైతే కనీసం నీ తలుపు కింద నుంచి లోపలికి దూరుతుంది కదా. కంగారు పడకు, ఇంటి సంగతి కాదు, మన సంగతి కూడా కాదు. మనిద్దరం కూర్చుని రాసిన ప్రోగ్రాము ఉంది చూశావూ, 'వేలికొన', దాని సంగతి.

చూపులేని మా పిల్లల బడికి ఈమధ్య ఒక చిన్న కంపెనీ వాళ్ళు వచ్చారు. అరచేతికి కాస్త పెద్దదిగా ఒక పెట్టె తయారుచేశారు. దాని మీద వరసగా సన్నని పిన్నులు. పుస్తకంలో అక్షరానికి తగ్గట్టు అవి లేస్తాయి, దిగుతాయి, పిల్లలు వేళ్ళతో తడిమి చదువుకుంటారు. నాలుగో తరగతిలో ఉడత అనే పిల్ల ఉంది. అసలు పేరు వేరే, కానీ ఒకచోట నిలిస్తే కదా. దాని చేతికి పెట్టె ఇచ్చారు. అందులో ఉన్న పొడుపుకథ చదివి, మిగతా పిల్లలకి చెప్పకుండా తనొక్కతే పడి పడి నవ్వింది. నేను చదివి వినిపించకుండా ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి. తర్వాత అడిగింది, "ఇందులో లెక్కల పుస్తకం లేదా?" అని.

లేదు. లెక్కలని బ్రెయిలీ చుక్కల్లోకి మార్చడం వాళ్ళకి చేతకావడం లేదట. భిన్నాలు వస్తే ఒకటి, వర్గమూలాలు వస్తే ఒకటి, అంతా కలగాపులగం అవుతోందట. ఎక్కడెక్కడో వెతికి, ఆ పని సరిగ్గా చేసేది 'వేలికొన' ఒక్కటే అని తేల్చుకుని మన గుమ్మం తొక్కారు.

చిక్కల్లా లైసెన్సు దగ్గర వచ్చింది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ దీన్ని కలిపి ఏం తయారుచేసినా దాని లోగుట్టంతా అందరికీ విప్పి చూపాలి అని పెట్టాం కదా. పెట్టెలోని గుట్టు విప్పడానికి అందులో డబ్బు పెట్టినవాళ్ళు ఒప్పుకోరట. 'మా పేరు చెప్పి ఎలాగైనా వాడుకోండి' అనే లైసెన్సుకి మారిస్తే రేపే మొదలుపెడతామంటున్నారు. మార్చాలంటే రాసినవాళ్ళందరూ ఒప్పుకోవాలి. అక్కడక్కడా తప్పులు దిద్దిన లైబ్రేరియనూ, ఆ పియానో మాస్టారూ వెంటనే సరే అన్నారు. మాటల భాగం నాది. లెక్కల భాగం నీది.

ఇందులో ఒక కాగితం పెట్టాను. కింద సంతకం చేసి పంపితే చాలు.

మోకాలు ఎలా ఉంది? లిఫ్టు గోతిలోకి దిగేటప్పుడు కాస్త చూసుకో.

ఇట్లు,
నీ పంతులమ్మ

*

ప్రియమైన పంతులమ్మకి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. చదవక ఊరుకున్నానని అనుకోకు. చదివి చదివి మడతల దగ్గర చిరగడం మొదలెట్టింది.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నా గది మేడ చివర, లిఫ్టు మోటారు పక్కనే. అది మూలిగే తీరుని బట్టి ఏ అంతస్తు వాళ్ళు ఇల్లు చేరారో మంచం మీద నుంచే చెప్పేస్తాను. రోజంతా పైకీ కిందకీ తిరుగుతాను, ఎక్కడికీ వెళ్ళను. మోకాలు దాని పాట అది పాడుకుంటోంది.

ఇక అసలు మాట. నువ్వు కోప్పడతావని తెలుసు, అయినా చెప్తున్నాను. ఆ లైసెన్సు మనం ఊరికే పెట్టలేదు. అమ్మ వేళ్ళతో తడిమి చదువుకునే యంత్రం గుర్తుందా? ఎంత ముచ్చటపడి కొన్నాం! దుకాణంలో చిట్టాలు రాసిన చేతులు కదా, చూపు పోయాక కూడా అంకెలు కనిపిస్తే చాలు పండగే ఆవిడకి. ఆ కంపెనీ మూతపడింది, యంత్రం మూగబోయింది. నేను మెకానిక్‌ని. రోజూ ఇరవై అంతస్తుల ఇనుముని ఎక్కించి దించేవాణ్ణి. ఆ చిన్న డబ్బా ముందు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చున్నాను. లోపల ఏం రాశారో చూపించరు, అడుగుదామంటే మనిషి లేడు. అమ్మ మాత్రం రోజూ దాని మీద చెయ్యి వేసి కూర్చునేది. ఎందుకమ్మా అంటే, "ఏమో, లేస్తుందేమోరా" అనేది.

ఆ రోజే కదా అనుకున్నాం, మనం రాసేదానికి ఎవడూ తాళం వెయ్యకూడదని. ఇప్పుడు నువ్వే తాళంకప్ప తెచ్చి నా చేతిలో పెడుతున్నావు. రేపు వాళ్ళూ చేతులెత్తేస్తే నీ ఉడత ఏ మొహం చూసి అడుగుతుంది?

అమ్మ పేరు ఎత్తితే ఒకటి గుర్తొస్తోంది. ఆవిడ ముందు నన్ను 'మీరు' అనేదానివి, అటు తిరగ్గానే 'నువ్వు'. చూపు పోయింది గానీ చెవులు పోలేదు కదా. "ఏమే, నా కొడుకు ఒక్కడా, ఇద్దరా?" అని అడిగింది నిన్ను. నువ్వు ఎర్రబడ్డావు. ఆ సంగతి నేను చెప్తేనే గానీ ఆవిడకి తెలియలేదు.

కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. చూద్దాం. ఈలోగా మళ్ళీ రాయి. వంటింటి కిటికీ ఇంకా బిగుసుకుపోతోందా? కింది మూల కొంచెం చిత్రిక పట్టిస్తే సరిపోతుంది.

నీ
మేస్త్రి

*

ప్రియమైన మేస్త్రీకి,

కిటికీ ఎప్పుడో బాగైంది. వడ్రంగిని పిలిపించాను.

అత్తయ్య యంత్రం గురించి నువ్వు రాసింది చదివి, ఉత్తరం పక్కన పెట్టి కాసేపు వరండాలోకి వెళ్ళొచ్చాను. నీ మాట తప్పని అనను. ఆ పెట్టె ఒకనాడు మూగబోవచ్చు. ఆ మాటే చెప్పి వాళ్ళతో పోట్లాడాను కూడా. కంపెనీ మూసేస్తే లోపలి గుట్టు బడికి అప్పగిస్తామని రాసిచ్చారు. ఆ రాతని ఎంత నమ్మాలో నాకూ తెలియదు. కానీ ఒక్కటి ఆలోచించు. మనం రాసింది ఎక్కడికీ పోదు, అందరికీ తెరిచే ఉంటుంది. తాళం వాళ్ళ పెట్టెకి, మన ప్రోగ్రాముకి కాదు.

ఇంకో వైపు చూడు. నాలుగో తరగతి లెక్కల పుస్తకాన్ని మన చుక్కల ప్రింటరు మీద పొడిస్తే ఎంతవుతుందో మర్చిపోయావా? అలమరలో ఒక అర నిండిపోతుంది. ఇంటికి తీసుకెళ్ళడానికి లేదు. బడిలోనే, గంట కొట్టేలోగా, ఒకరి తర్వాత ఒకరు. ఉడత వంతు వచ్చేసరికి చుక్కలు అరిగిపోయి ఎనిమిదేదో మూడేదో తెలియదు. మొన్న తప్పు చేసిందని దాన్ని కసిరాను. తర్వాత ఆ పేజీ నేనే కళ్ళు మూసుకుని తడిమి చూశాను. నాకూ మూడే వచ్చింది. ఆ పిల్లకి క్షమాపణ చెప్పాను. "ఫర్లేదు టీచర్, ముసలి పుస్తకం కదా" అంది.

రేపు ఆగిపోతుందేమోనని ఈ రోజు అన్నం పెట్టకుండా ఉంటామా?

నువ్వు ఉత్తరం చివర ఒక మాట రాశావు. చూద్దాం. ఆ మాటతో నేను ఎన్నేళ్ళు కాపురం చేశానో నీకు తెలుసా? అత్తయ్య పోయాక ఆరు నెలల పని ఉందని వెళ్ళావు. ఎప్పుడొస్తావంటే చూద్దాం. నన్ను అక్కడికి రమ్మంటావా అంటే చూద్దాం. నువ్వు నన్ను వద్దని ఏ రోజూ అనలేదు. అనుంటే ఓ నాలుగు రోజులు ఏడ్చి లేచేదాన్ని. నువ్వు తలుపు వెయ్యవు, తెరవవు. గుమ్మంలో నిలబడి నిలబడి నా కాళ్ళు పీకుతున్నాయి.

ఇది మన సంగతి కాదని మొదటి ఉత్తరంలో రాశాను. కాకూడదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. లైసెన్సుకి మాత్రం చూద్దాం అనకు. ఔననో కాదనో చెప్పు. ఏదైనా సరే, తిట్టుకోను. వేసవి సెలవులయ్యి బడి తెరిచేలోగా కంపెనీకి నేను జవాబు చెప్పాలి.

ఇట్లు,
నీ పంతులమ్మ

*

ప్రియమైన పంతులమ్మకి,

నీ ఉత్తరం చేరింది. ఇవన్నీ కాగితాల మీద తేలే విషయాలు కావు. నేనే వస్తాను. వచ్చే నెల మొదటి శనివారం, సాయంత్రం బస్సుకి. సెలవు కూడా అడిగేశాను, మా సూపర్‌వైజరు కుర్చీలోంచి పడబోయాడు, నేను సెలవడగడం ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదట.

ఆ కాగితం కూడా తెస్తాను. మన బల్ల దగ్గర కూర్చుని, నువ్వు ఆ చివర, నేను ఈ చివర, వెనకటిలా లైను లైనుకీ కొట్టుకుందాం. గెలిచినవాళ్ళ మాట నెగ్గుతుంది. టీ నేను పెడతాను, నీ టీ తాగి ఓడిపోవడం నా వల్ల కాదు.

నీ
మేస్త్రి

*

ప్రియమైన మేస్త్రీకి,

శనివారం బస్టాండుకి వచ్చాను. సాయంత్రం బస్సు వచ్చింది, అందరూ దిగారు. తర్వాతి బస్సేమోనని కూర్చున్నాను. టీ కొట్టాయన "ఎవరి కోసమమ్మా?" అని అడిగాడు. మా ఆయన కోసం అనడానికి నోరు రాలేదు. చుట్టాలు వస్తారంటే చూస్తున్నానన్నాను.

నీకు ఏమీ కాలేదని మీ ఆఫీసుకి ఫోన్ చేసి తెలుసుకున్నాను. అది చాలు.

ఇక ఈ విషయం నిన్ను అడగను.

ఇట్లు,
పంతులమ్మ

*

ప్రియమైన పంతులమ్మకి,

ఇది ముందే రాయాల్సిన ఉత్తరం. ఎన్నిసార్లు మొదలుపెట్టి చింపానో ఇక్కడ ఊడ్చే ఆవిడని అడుగు, చెప్తుంది.

ఆ శనివారం లిఫ్టు ఆగిపోయిందని రాసి ఊరుకోవచ్చు. ఆగలేదు. సంచి సర్దుకున్నాను, బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదలబోయేముందు దిగిపోయాను. అమ్మ లేని ఇంట్లోకి అడుగు పెట్టలేననిపించింది. అమ్మ పోయిన తర్వాత ఆ ఇంట్లో నువ్వొక్కదానివే లైటు వేసుకుని తిరుగుతుంటే చూడలేకపోయాను. నిన్ను ఓదార్చాల్సిన వాణ్ణి నేను, నన్నెవరు ఓదారుస్తారా అని చూస్తూ కూర్చున్నాను. అందుకే ఆ పనికి ఒప్పుకుని వెళ్ళిపోయాను. వెళ్ళినవాడికి తిరిగి రావడానికి ఏ మొహం పెట్టుకు రావాలో తెలియలేదు. రోజులు గడిచేకొద్దీ ఆ మొహం ఇంకా ఇంకా చెల్లకుండా పోయింది.

నీకు తెలియనిది ఇంకొకటుంది. తర్వాత నేను వచ్చాను. నీ చివరి ఉత్తరం అందిన కొన్నాళ్ళకి, చెప్పకుండా వచ్చాను. పొద్దు వాలుతోంది. మన వీధి మలుపు తిరిగేసరికి కిటికీ తెరిచే ఉంది. బల్ల దగ్గర, నా కుర్చీలో, ఒకాయన కూర్చున్నాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా. నువ్వు లోపలి గదిలోంచి ఏదో చెప్తుంటే నవ్వుతున్నాడు. నువ్వు టీ తెచ్చావు. బల్ల మీద పెట్టి ఊరుకోలేదు. ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కప్పు మీద పెట్టావు.

అంత నెమ్మదిగా పెట్టావు.

నేను వెనక్కి తిరిగాను. అడగడానికి నాకేం హక్కుంది? కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదేమో, తలుపైనా బాదేవాణ్ణి. మంచివాడిలాగే ఉన్నాడు. నువ్వు నవ్వి ఎన్నాళ్ళయిందో కూడా లెక్క కట్టలేకపోయాను.

ఇన్నాళ్ళూ అమ్మ యంత్రం పేరు చెప్పి సంతకం ఆపాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ అసలు కారణం వేరు. ఇప్పుడున్న లైసెన్సు ఉన్నంతకాలం, నన్ను అడగందే నువ్వు దాన్ని మార్చలేవు. ఏ మార్పు కావాలన్నా నా తలుపు తట్టాలి. ఒక్కసారి సంతకం చేశానా, ఆ తర్వాత నీకు నాతో పని లేదు. ఇల్లు నీ పేరున ఉంది, బడి నీది, పిల్లలు నీవాళ్ళు. మనిద్దరికీ కలిపి ఇంకా మిగిలింది ఆ ప్రోగ్రాము ఒక్కటే. నీ ఉత్తరాలు రావాలంటే నేను ఒప్పుకోకుండా ఉండాలి. అందుకే చూద్దాం అన్నాను. ఒక పిల్ల లెక్కల పుస్తకాన్ని అడ్డం పెట్టుకుని నీ చేత ఉత్తరాలు రాయించుకున్నాను.

సంతకం చేసిన కాగితం ఇందులో ఉంది. ఏ షరతూ లేదు. ఆ పెట్టెలో పెట్టించు. ఉడతకి అరిగిన ఎనిమిదిని చదివే బాధ తప్పించు. ఆయన ఎవరైనా సరే, నువ్వు సుఖంగా ఉండు. రమ్మని ఒక్క ముక్క రాస్తే మాత్రం ఈసారి బస్సు దిగను. అది రాయవని తెలుసు. అయినా రాశాను.

నీ
మేస్త్రి

*

ప్రియమైన మేస్త్రీకి,

నీ ఉత్తరం నిన్న బడికి వెళ్ళబోతుంటే అందింది. గుమ్మంలో నిలబడే చదివాను. బడికి వెళ్ళలేదు.

నువ్వు చూసింది మా కొత్త లెక్కల మాస్టారిని. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. కప్పు ఎక్కడుందో తెలియడానికి చెయ్యి పట్టుకుని చూపించాను. అత్తయ్యకి రోజూ పొద్దున్నే నువ్వు టీ అందించింది అలాగే కదా! నాకు నేర్పింది నువ్వే కదా, "గబుక్కున లాగకు, నెమ్మదిగా తీసుకెళ్ళి పెట్టు" అని. వీధిలో పోయేవాళ్ళు ఏమనుకున్నా ఫర్వాలేదు. నీకు ఎలా తెలియలేదు?

ఆయన ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నారో చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక రాత్రంతా ఆలోచించాను. తిన్నగానే చెప్పేస్తాను.

ఒకరు ఒప్పుకోకపోతే లైసెన్సు మార్చడానికి ఇంకో దారి ఉంది. వాళ్ళు రాసింది తీసేసి, ఆ పనే చేసేలా కొత్తగా రాసుకోవడం. నువ్వు రాలేదు, జవాబూ లేదు. నేను ఆ దారి పట్టాను.

మొదట నేనే కూర్చున్నాను. భిన్నాల దగ్గర మొదలుపెట్టాను. రాసి చదువుకుంటే అది నీ రాతే. నువ్వు పెట్టినచోటే విరుపులు, నువ్వు పెట్టిన పేర్లే. చెరిపి మళ్ళీ రాశాను. మళ్ళీ నువ్వే వచ్చావు. నీ పక్కన కూర్చుని నేర్చుకున్నదాన్ని, నా వేళ్ళకి వేరే దారి తెలియదు. అలా రాస్తే కొత్తది అనిపించుకోదు. అందుకని నీ రాత ఒక్క లైను కూడా ఎరగని మనిషి కావాల్సొచ్చింది. మాస్టారికి ప్రోగ్రాములు రాయడం వచ్చు, తెర మీది అక్షరాలు కంప్యూటరే ఆయనకి చదివి వినిపిస్తుంది, అడిగితే ఒప్పుకున్నారు. నువ్వు రాసింది పొరపాటున కూడా ఆయన చెవిన పడకూడదని నేను లోపలి గదిలో కూర్చుని, "భిన్నం వస్తే చివరికి పిల్ల వేలికి ఇలా తగలాలి" అని మాత్రమే చెప్పేదాన్ని. ఎలా చెయ్యాలన్నది ఆయన ఇష్టం. ఆయన జోకులకి ఆయనే నవ్వుకుంటారు. నువ్వు విన్న నవ్వు అదే.

నువ్వు వచ్చిన సాయంత్రానికి ఆ పని సగం కూడా కాలేదు. తలుపు తట్టి ఉంటే ఆపేసేదాన్ని. మాస్టారికి దణ్ణం పెట్టి పంపించేసేదాన్ని. సంతకం అడిగేదాన్ని కూడా కాదు ఆ రోజుకి. లోపలికి రమ్మనేదాన్ని, అంతే.

తర్వాత పూర్తయింది. నీ లైన్లు తీసే పని ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాక నేనే తీశాను. మధ్య మధ్యలో నువ్వు రాసుకున్న మాటలు ఉన్నాయి కదా. "ఇది ఎందుకు పనిచేస్తోందో నాకూ తెలియదు, ఎవరూ ముట్టుకోవద్దు, ముఖ్యంగా పంతులమ్మ" అని ఒకచోట. ఇంకోచోట, "వర్గమూలాలు అమ్మ కోసం." అక్కడ ఆగిపోయాను. అది ఒక్కటీ ఉంచితే ఎవరికి నష్టం అనిపించింది. కానీ ఒక్క లైను ఉన్నా అది నీదే, నీ అనుమతి కావాలి. తీసేశాను. రాసినవాళ్ళ పట్టికలో నీ పేరు ఉంచుదామని చాలా చూశాను. నీ రాత లేని చోట నీ పేరుంటే అది అబద్ధం అవుతుంది. అదీ తీసేశాను. కొత్త లైసెన్సుతో విడుదల చేసి నెల దాటింది.

నీ సంతకం కాగితం బల్ల మీద ఉంది. దాన్ని ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

పెట్టెలు వచ్చాయి. ఉడత ఇంటికి తీసుకెళ్ళింది. మర్నాడు వచ్చి, మూడు లెక్కలు తప్పు చేశాననీ, తనే కనిపెట్టి దిద్దుకున్నాననీ, వాళ్ళమ్మకి కూడా చెప్పలేదనీ గొప్పగా చెప్పింది. రేపు ఆ పెట్టె పాడైతే నీ మాటే నిజమవుతుంది. ఆ రోజు పిల్లల ముందు తల వంచుకోవాల్సింది నేనే. ఒప్పుకునే ఈ పని చేశాను.

ఒక్కటి నీకు తెలిసే ఉంటుంది. కొత్త లైసెన్సు కొత్తదానికే. మనిద్దరం కలిసి రాసిన పాతది చెరిగిపోదు. నీ లెక్కలతో, నీ మాటలతో, మనం పెట్టిన షరతుతో అది అలాగే ఉంటుంది, ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోరు. నేను ఒకసారి తీసి చదివాను. చాలా బాగా రాశావు. అప్పట్లో నీకు ఆ మాట చెప్పానో లేదో గుర్తు లేదు.

రమ్మని రాయమన్నావు. ఆ ముక్క రాయాలని కూర్చుంటే చెయ్యి కదలడం లేదు. కోపం కాదు. నిన్ను తీసేసే పని అన్నాళ్ళు చేశాను కదా, ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు. ప్రోగ్రాములోంచి తీసేది ప్రోగ్రాములోంచే అనుకున్నాను. పని అయ్యాక చూసుకుంటే ఇక్కడ, నాలో కూడా ఏమీ మిగల్లేదు.

జవాబు రాయొద్దని అనను. వస్తుందని ఎదురుచూస్తూ మాత్రం కూర్చోను.

మోకాలికి వైద్యం చేయించుకో.

ఇట్లు,
పంతులమ్మ